యాన్సిబుల్‌తో పాత బ్యాకప్‌లు తీసేయాలంటే ముందు కొత్త బ్యాకప్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అనంతపురంలో ఒక చిన్న సంస్థకు 11 లినక్స్ సర్వర్లు చూస్తున్నారు. రోజూ రాత్రి ప్రతి సర్వర్‌లోనూ మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసిన కాపీ) ఒకటి, అప్‌లోడ్ ఫైళ్ల టార్ (ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూట) ఒకటి బ్యాకప్ డిస్కులో పడుతున్నాయి. డిస్కులు 93 శాతం దాకా నిండాయి. 30 రోజులు దాటినవన్నీ యాన్సిబుల్‌తో (చాలా సర్వర్ల మీద ఒకేచోటి నుంచి పనులు నడిపించే సాధనం) తీసేయమని మేనేజర్ చెప్పారు. ఫైండ్ మాడ్యూల్‌తో (మాడ్యూల్ అంటే యాన్సిబుల్‌లో ఒక్కో రకం పని చేసే భాగం) వెతికి, దొరికినవాటిని ఫైల్ మాడ్యూల్‌తో తీసేస్తే సరిపోతుందా, తర్వాత దాన్ని క్రాన్‌లో (వేళకు తనంతట తానే పనులు నడిపే ఏర్పాటు) పెట్టి మర్చిపోవచ్చా అని అడిగారు. "ఒక్కసారి ఎంటర్ కొడితే 11 చోట్లా నడుస్తుంది కదా, అదే టెన్షన్" అని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మాడ్యూళ్లు సరైనవే ఎంచుకున్నారు, ఆ రెండు టాస్కులతో పని జరుగుతుంది. కానీ "30 రోజులు దాటితే తీసెయ్" అన్న ఒక్క నియమాన్ని నమ్ముకుని నడపకండి. తొలగించే టాస్క్ కంటే ముందు, ఆ సర్వర్‌లో తాజా బ్యాకప్ ఉందనీ, అది పనికొచ్చేదేననీ ప్లేబుక్ (చేయాల్సిన టాస్కులన్నీ వరుసగా రాసిన ఫైలు) తనే తేల్చుకోవాలి. తేలకపోతే ఒక్క ఫైలు కూడా ముట్టకుండా ఆగిపోవాలి. దాంతోపాటు, ఎన్ని రోజులైనా సరే చివరి కొన్ని మంచి కాపీలు ఎప్పుడూ మిగిలి ఉండాలి. నేను 7 పెడతాను. ఈ రెండూ లేకుండా మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా అసలు ప్రమాదం అలాగే ఉంటుంది.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, నేను కర్నూలులో ఉండి చుట్టుపక్కల ఊళ్లలోని వ్యాపార సంస్థలకు ఏళ్లుగా సర్వర్లు చూస్తున్నాను. బ్యాకప్‌లు పోయాయని నన్ను పిలిచిన చోట్ల ఎక్కువసార్లు ఎవరూ తప్పు కమాండ్ కొట్టలేదు. చెప్పింది చెప్పినట్టు నడిచిన క్లీనప్ వల్లే పోయాయి.

కడపలో ఒక సంస్థలో జరిగింది చెప్తాను. అక్కడ డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, బ్యాకప్ స్క్రిప్టులో మాత్రం పాతదే ఉండిపోయింది. స్క్రిప్టు డంప్‌ను పైప్‌లో (ఒక కమాండ్ ఔట్‌పుట్‌ను నేరుగా ఇంకో కమాండ్‌కు ఇవ్వడం), సైజు కుదించే జీజిప్‌కు పంపుతుంది. డంప్ ఫెయిలైంది, కానీ పైప్‌లో చివరి కమాండ్ జీజిప్ కదా, అది తన పని తాను సక్రమంగా చేసి "సక్సెస్" అని చెప్పింది. ఏమీ రాని చోట జీజిప్ చేసే ఫైలు సైజు 20 బైట్లు. రోజుకొకటి చొప్పున, తేదీ పేరుతో, చక్కగా వరుసలో పడుతూ వచ్చాయి. మరోపక్క 30 రోజుల నియమం ప్రతి రాత్రీ ఒక మంచి డంప్‌ను తీసేస్తూ పోయింది. నెల తిరిగేసరికి ఫోల్డర్‌లో 30 ఫైళ్లున్నాయి, అన్నీ 20 బైట్లవే. డిస్కు ఖాళీగా ఉందని అందరూ సంతోషపడ్డారు. తర్వాత అసలు డిస్కు చెడిపోయినప్పుడు విషయం బయటపడింది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో పాత కాపీ ఒకటి దొరికింది కాబట్టి సరిపోయింది, మిగతా కాలం బిల్లులన్నీ కాగితాలు చూసి మళ్లీ ఎక్కించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ 20 బైట్ల ఫైలును జీజిప్ టెస్టుకు పెడితే అది పాస్ అవుతుంది, ఎందుకంటే ఖాళీదైనా అది నిఖార్సైన జీజిప్ ఫైలే. అందుకే ఒక్క పరీక్ష చాలదు.

తాజా బ్యాకప్‌ను ఎలా పరీక్షించాలి

నేను ప్లేబుక్‌లో నాలుగు చూస్తాను. మొదటిది వయసు: గత 26 గంటల్లో వచ్చిన ఫైలు ఒక్కటైనా ఉండాలి. ఫైండ్ మాడ్యూల్‌లో ఏజ్‌కు మైనస్ విలువ ఇస్తే అంతకంటే కొత్తవి దొరుకుతాయి, ప్లస్ ఇస్తే అంతకంటే పాతవి. 24కు బదులు 26 ఎందుకంటే, బ్యాకప్ ఒక్కోరోజు కాస్త ఆలస్యంగా పూర్తవుతుంది, దానికోసం అనవసరంగా ఆగిపోకూడదు. రెండోది సైజు: అంతకు ముందున్న కాపీలతో పోలిస్తే సగానికి పడిపోయి ఉంటే ఆగాలి. నిజంగానే డేటా తగ్గిన సందర్భాలు ఉంటాయి కానీ అరుదు. అప్పుడు మనిషి చూసి ఒప్పుకుంటే చాలు. మూడోది జీజిప్ టెస్ట్. నాలుగోదే అన్నిటికంటే విలువైనది: మైఎస్‌క్యూఎల్ డంప్ చివరి వరుస. మామూలు సెట్టింగుల్లో డంప్ పూర్తిగా ముగిస్తేనే చివర్లో "డంప్ కంప్లీటెడ్" అని ఒక కామెంట్ వరుస రాస్తుంది. మధ్యలో ఆగిపోయిన డంప్‌లో అది ఉండదు. ఫైలును విప్పుతూ చివరి వరుస చూసి ఆ మాట ఉందో లేదో తేల్చే చిన్న షెల్ టాస్క్ పెట్టండి. డంప్ కమాండ్‌లో కామెంట్లు ఆపేసి ఉంటే ఈ వరుస రాదు, అది ముందే చూసుకోండి.

ఈ నాలుగు ఫలితాలనూ అసర్ట్ మాడ్యూల్‌కు (షరతు తప్పితే పనిని అక్కడే ఆపేది) ఇవ్వండి. ఏది తప్పితే ఆ మాట ఫెయిల్ మెసేజ్‌లో స్పష్టంగా రాయండి. "అసర్షన్ ఫెయిల్డ్" అని మాత్రమే వస్తే తెల్లవారుజామున చూసే మనిషికి ఏమీ అర్థం కాదు. "తాజా డంప్ సైజు నిన్నటిదానిలో సగం కూడా లేదు, క్లీనప్ ఆపాను" అని వస్తే వెంటనే పని మొదలుపెడతాడు.

బ్యాకప్ స్క్రిప్టులో పైప్‌ఫెయిల్ ఆప్షన్ (పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టు చెప్పేది) పెట్టుకోవడం కూడా ఇవాళే చేయండి. కడపలో జరిగింది ఆ ఒక్క మాటతో మొదటి రాత్రే పట్టుబడేది.

ఇవన్నీ చేసినా, నెలకోసారి ఏదో ఒక డంప్‌ను వేరే టెస్ట్ సర్వర్‌లో నిజంగా రిస్టోర్ చేసి చూడాలి. మన అనంతపురం రైతు ఎంత ఇబ్బందిలో ఉన్నా మంచి విత్తనం చేతికి అందేదాకా దాచుకున్న విత్తనం కాయలు అమ్ముకోడు. మొలక చూడకుండా విత్తనం మంచిదని కూడా అనడు. రిస్టోర్ అంటే ఆ మొలక పరీక్షే.

30 రోజులు, 7 కాపీలు: రెండూ కలిపి రాయండి

రోజుల లెక్క మాత్రమే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఏ కారణం వల్లనో బ్యాకప్ జాబ్ ఆగిపోయింది, ఎవరూ చూడలేదు. 31వ రోజుకు ఫోల్డర్ ఖాళీ. కాపీల లెక్క కూడా ఉంటే చివరి 7 ఎప్పటికీ ఉంటాయి.

యాన్సిబుల్‌లో ఇది కష్టం కాదు. ఫైండ్‌తో ముందు ఆ డేటాబేస్ డంప్‌లన్నిటినీ వయసు షరతు లేకుండా తెచ్చుకోండి. వాటిని ఎమ్‌టైమ్ (ఫైలు చివరిసారి మారిన సమయం) ప్రకారం కొత్తవి ముందు వచ్చేలా సార్ట్ చేయండి. మొదటి 7 పక్కన పెట్టండి. మిగిలిన జాబితాలోంచి 30 రోజులు దాటినవి మాత్రమే తొలగింపుకు పంపండి. ప్రతి డేటాబేస్‌కూ విడిగా చేయాలి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండి అన్నిటికీ కలిపి 7 అని పెడితే, రోజూ డంప్ అయ్యేవి ఆ 7 స్థానాలూ తీసుకుంటాయి. వారానికోసారి డంప్ అయ్యే చిన్న డేటాబేస్‌కు కాపీల రక్షణ ఉండదు.

ఏజ్ రాసేటప్పుడు 30 పక్కన రోజులకు గుర్తుగా "డి" అక్షరం తప్పకుండా పెట్టండి. ఉత్త 30 అని రాస్తే యాన్సిబుల్ దాన్ని 30 సెకన్లుగా తీసుకుంటుంది. అంటే అరనిమిషం దాటిన ప్రతి ఫైలూ జాబితాలోకి వచ్చేస్తుంది. చిన్న అక్షరమే కానీ మొత్తం ఫోల్డర్‌కు ముప్పు. కాపీల నియమం ఉంటే ఇలాంటి పొరపాటు జరిగినా 7 మిగులుతాయి. నేను ఆ నియమం మీద పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఎమ్‌టైమ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు

ఫైండ్ మాడ్యూల్ మామూలుగా చూసేది ఎమ్‌టైమ్, అంటే ఫైలు చివరిసారి మారిన సమయం. అది బ్యాకప్ తీసిన సమయమే అయి ఉండాలని లేదు. కొత్త డిస్కు వేసి పాత బ్యాకప్‌లను మామూలు కాపీ కమాండ్‌తో తెచ్చుకుంటే అన్నిటికీ ఈరోజు తేదీ పడుతుంది, ఇక నెల దాకా ఒక్కటీ కదలదు. ఆర్‌సింక్ అనే ఇంకో కాపీ కమాండ్‌తో ఆర్కైవ్ మోడ్‌లో తెస్తే పాత తేదీలే ఉంటాయి, ఆ రాత్రికే క్లీనప్ వాటిని పట్టుకుంటుంది. ఎవరైనా ఆడిటర్ కోసం గత ఏడాది డంప్‌ను వెతికి తెచ్చి అదే ఫోల్డర్‌లో పెడితే తెల్లారేసరికి ఉండదు.

అంతకంటే చిత్రమైనది గడియారం. ఆదోని వైపు పత్తి వ్యాపారులకు బిల్లింగ్ నడిపే ఒక టవర్ సర్వర్ ఉంది. ఎండాకాలంలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, మెషిన్ పూర్తిగా ఆరిపోయింది. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అప్పటికే అయిపోయింది. మళ్లీ ఆన్ చేసేసరికి గడియారం ఏళ్లు వెనక్కి వెళ్లింది. ఇంటర్నెట్ ఇంకా రాలేదు కాబట్టి టైమ్ సింక్ కాలేదు. ఆ స్థితిలో పడిన డంప్‌కు చాలా పాత తేదీ అంటుకుంది. తర్వాత నెట్ వచ్చి గడియారం సరైంది. అప్పుడు వయసు లెక్క ప్రకారం అన్నిటికంటే ముందు తీసేయాల్సిన ఫైలు ఏది? అన్నిటికంటే కొత్తది.

ఫైండ్ మాడ్యూల్ వయసును లెక్కించేది మీ ల్యాప్‌టాప్ గడియారంతో కాదు, ఏ సర్వర్‌లో వెతుకుతోందో దాని గడియారంతోనే. అందుకే తొలగింపుకు ముందు క్రోనీ (గడియారాన్ని నెట్‌లోని సమయంతో సరిచేసే ప్రోగ్రామ్) సింక్ అయి ఉందో లేదో చూసే టాస్క్ ఒకటి పెట్టండి. ఫైలు పేరులో తేదీ ఉంటే దాన్నీ ఎమ్‌టైమ్‌నూ పోల్చండి, రెండిటికీ రెండు రోజుల కంటే తేడా ఉంటే ఆ ఫైలును ముట్టకుండా రిపోర్టులో చూపించండి. గడియారమే తప్పినప్పుడు పేరులోనూ తప్పు తేదీ పడుతుంది, కాబట్టి ఈ పోలిక ఒక్కదాంతో అంతా పట్టుబడదు. టైమ్ సింక్ కాకపోతే బ్యాకప్ స్క్రిప్టే హెచ్చరిక పంపేలా చేయడం ఇంకా మంచిది. మన ఊళ్లలో టవర్ సర్వర్లు ఉన్న ప్రతి చోటా ఆ చిన్న బ్యాటరీ మార్పించండి, ఖర్చు చాలా తక్కువ.

పాత్ ఖాళీ అయితే

ఫైల్ మాడ్యూల్‌లో స్టేట్ ఆబ్సెంట్ అని ఇచ్చి డైరెక్టరీ పేరు చెప్తే, లోపలున్నదంతా కలిపి తీసేస్తుంది. మళ్లీ అడగదు. కాబట్టి ఆ పాత్ ఎలా తయారవుతోందన్నది ప్రాణంతో సమానం. బ్యాకప్ రూట్ ఒక వేరియబుల్, దాని తర్వాత స్లాష్, తర్వాత డేటాబేస్ పేరు ఇంకో వేరియబుల్ అనుకోండి. రెండో వేరియబుల్ అసలు లేకపోతే యాన్సిబుల్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది మంచిదే. కానీ అది ఉండి ఖాళీగా ఉంటే? మొత్తం బ్యాకప్ రూట్ పోతుంది. రెండూ ఖాళీ అయితే మిగిలేది ఒట్టి స్లాష్. ఎర్రర్ రాకుండా ఉండాలని కొందరు డిఫాల్ట్ ఫిల్టర్‌తో ఖాళీ విలువ ఇస్తుంటారు. తొలగించే ప్లేబుక్‌లో ఆ పని చేయకండి, అక్కడ ఎర్రర్ రావడమే మనకు కావాలి.

నా పద్ధతి ఇది: తొలగింపులో ఎప్పుడూ డైరెక్టరీ ఇవ్వను. ఫైండ్ ఇచ్చిన ఫైళ్లను ఒక్కొక్కటిగా లూప్‌లో ఇస్తాను. ప్రతి పాత్ మా బ్యాకప్ డైరెక్టరీతోనే మొదలవ్వాలనీ, డంప్ ఎక్స్‌టెన్షన్‌తోనే ముగియాలనీ అసర్ట్ పెడతాను. ఫైండ్‌లో రికర్స్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం లేనిదే ఆన్ చేయను. ప్యాటర్న్ కూడా "అన్నీ" అని కాకుండా, డేటాబేస్ పేరు, తేదీ, ఎక్స్‌టెన్షన్ మూడూ వచ్చేలా ఇస్తాను.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకు క్యోటో యూనివర్సిటీ సంగతి చెప్తుంటాను. 2021 డిసెంబర్‌లో వాళ్ల సూపర్‌కంప్యూటర్ స్టోరేజ్‌లో సుమారు 77 టెరాబైట్ల డేటా, 3 కోట్ల 40 లక్షల దాకా ఫైళ్లు పోయాయి. చేయబోయింది చిన్న పని: బ్యాకప్ స్క్రిప్టులో భాగంగా పాత లాగ్ ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో తీసేయడం. స్క్రిప్టు నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ రాశారు. స్క్రిప్టును నడిపే బ్యాష్ దాన్ని చదువుకుంటూనే నడుపుతుంది కాబట్టి మధ్యలోంచి కొత్త ఫైలును అందుకుంది. పాత్‌ను చెప్పాల్సిన వేరియబుళ్లకు విలువ లేకుండా పోయింది, లాగ్‌ల బదులు పరిశోధకుల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధన బృందాల మీద దెబ్బ పడింది, అందులో నాలుగింటి డేటా మళ్లీ దొరకలేదు. అంత పెద్ద సంస్థలో, అంత నిపుణుల చేతుల్లో జరిగింది ఇది. ప్లేబుక్ గిట్‌లో (మార్పులన్నీ నమోదు చేసే సాధనం) ఉండాలి, నడుస్తున్నప్పుడు ఎవరూ దాన్ని మార్చకూడదు, వేరియబుల్ ఖాళీ అయితే ఆగాలి. మూడూ పైసా ఖర్చు లేని పనులే.

వెంటనే తీసేయకుండా పక్కకు జరపండి

మొదటి రెండు మూడు నెలలైనా ఇలా చేయమని సలహా. తొలగించాల్సిన ఫైళ్లను అదే డిస్కులో వేరే డైరెక్టరీకి, ఆ రోజు తేదీ పేరుతో, జరపండి. 7 రోజుల తర్వాత ఆ తేదీ డైరెక్టరీని ఖాళీ చేయండి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో జరపడం అంటే పేరు మార్చడమే, క్షణంలో అయిపోతుంది. యాన్సిబుల్‌లో ఇందుకు ప్రత్యేకమైన మాడ్యూల్ లేదు, కమాండ్ మాడ్యూల్‌తో మూవ్ కమాండే వాడాలి. అదే పేరుతో అక్కడ ఫైలుంటే దాని మీద రాయకుండా ఉండే ఆప్షన్ ఇవ్వండి.

దీనివల్ల స్థలం వెంటనే ఖాళీ కాదు, వారం ఆలస్యమవుతుంది. మీ డిస్కు 93 శాతంలో ఉంది కాబట్టి వారం ఆగగలరా లేదా అన్నది మీరే లెక్క వేసుకోవాలి. రోజుకు ఎంత పెరుగుతోందో చూడండి. ఆగలేకపోతే అన్నిటికంటే పాతవి కొన్నిటిని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి చెక్‌సమ్ (రెండు ఫైళ్లూ ఒకటేనా అని తేల్చే సంఖ్య) సరిచూసుకుని కాపీ చేసి, అప్పుడు తీయండి. హడావిడిలో మొదటి రోజే శాశ్వతంగా తొలగించాల్సిన అవసరం తెచ్చుకోకండి.

తీసేశాక స్థలం ఖాళీ కాలేదని కంగారు పడేవాళ్లు చాలామంది. ఆ ఫైలును ఏదైనా ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచితే అది మూసేదాకా స్థలం రాదు. హార్డ్‌లింకులతో (ఒకే ఫైలుకు చాలా పేర్లు) నడిచే బ్యాకప్‌లైతే, ఒక రోజు ఫోల్డర్ తీసినా మిగతా రోజుల ఫోల్డర్లు అవే ఫైళ్లను పట్టుకుని ఉంటాయి. స్థలం రాలేదని ఇంకో నాలుగు తీసేయకండి, ముందు కారణం చూడండి.

చెక్ మోడ్ ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

చెక్ మోడ్‌లో (ఏదీ మార్చకుండా ఏం జరిగేదో చూపించే విధానం) నడపడం తప్పనిసరి. ఫైండ్ నిజంగానే వెతుకుతుంది, ఫైల్ మాడ్యూల్ ఏం తీసేదో చెప్పి వదిలేస్తుంది. అయితే షెల్, కమాండ్ టాస్కులను యాన్సిబుల్ చెక్ మోడ్‌లో మామూలుగా దాటేస్తుంది. అంటే మీరు షెల్‌తో రాసిన జీజిప్ టెస్ట్, చివరి వరుస పరీక్ష రెండూ నడవవు, వాటి ఫలితం మీద ఆధారపడిన అసర్ట్ వింత ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు చాలామంది "చెక్ మోడ్ పనిచేయట్లేదు" అని నేరుగా నడిపేస్తారు. అలా చేయకండి. చదవడం తప్ప ఏమీ మార్చని ఆ టాస్కులకు మాత్రం చెక్ మోడ్ ఫాల్స్ అని పెట్టండి, అప్పుడు అవి చెక్ మోడ్‌లోనూ నిజంగా నడుస్తాయి. పక్కకు జరిపే మూవ్ టాస్క్‌కు పొరపాటున కూడా అది పెట్టకండి. ఆ టాస్క్ చెక్ మోడ్‌లో ఏమీ చూపించదు కాబట్టి, జరపబోయే జాబితాను దానికి ముందే డీబగ్ టాస్క్‌తో ప్రింట్ చేయించండి.

ఇంకోటి, లూప్‌లో ప్రతి ఫైలుకూ దాని వివరాలన్నీ స్క్రీన్ నిండా వచ్చి పడతాయి. లూప్ కంట్రోల్‌లో లేబుల్‌కు పాత్ మాత్రం ఇవ్వండి. అప్పుడు జాబితా కంటితో చదవగలిగేలా వస్తుంది. చదవలేని జాబితాను ఎవరూ చదవరు, చదవకుండానే సరే అంటారు.

11 సర్వర్ల టెన్షన్ గురించి: సీరియల్ 1 పెట్టండి. ఒకటి అయ్యాకే రెండోది మొదలవుతుంది, ఒక దాంట్లో అసర్ట్ తప్పితే ప్లే అక్కడే ఆగుతుంది. హోస్ట్స్ దగ్గర ఎప్పుడూ ఆల్ అని రాయకండి, క్లీనప్ కోసమే ఒక గ్రూపు చేసుకోండి. మొదటిసారి లిమిట్‌తో అన్నిటికంటే తక్కువ ప్రాముఖ్యమున్న సర్వర్ ఒక్కదాని మీదే నడిపి, మర్నాడు చూసి, అప్పుడు మిగతావాటికి వెళ్లండి.

బ్యాకప్ డిస్కు మౌంట్ అయి ఉందో లేదో కూడా ఫ్యాక్ట్స్‌లోంచి (సర్వర్ గురించి యాన్సిబుల్ సేకరించే వివరాలు) చూడండి. కరెంటు పోయి వచ్చాక యూఎస్‌బీ డిస్కు మౌంట్ కాకపోతే, ఆ రాత్రి డంప్ అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే సిస్టమ్ డిస్కులోకి పోతుంది. క్లీనప్‌కు అక్కడ పాతవేవీ కనబడవు, అంతా బాగుందని చెప్తుంది.

ఫైండ్‌తో అసలే ముట్టకూడనివి

మీవి విడివిడి డంప్‌లు, కాబట్టి ఫైలు తీస్తే ఫైలే పోతుంది. రేపు రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములకు మారితే ఈ ప్లేబుక్‌ను అక్కడ వాడకండి. అవి డేటాను ముక్కలు చేసి, ఒకే ముక్కను చాలా బ్యాకప్‌లకు కలిపి వాడతాయి. రెండేళ్ల కిందటి తేదీ ఉన్న ముక్క నిన్నటి బ్యాకప్‌కు కూడా ఆధారం కావచ్చు. అక్కడ వయసు చూసి ఫైళ్లు తీస్తే అన్ని బ్యాకప్‌లూ ఒకేసారి దెబ్బతింటాయి. వాటి సొంత కమాండ్లే వాడాలి: రెస్టిక్‌లో ఫర్గెట్, తర్వాత ప్రూన్. బోర్గ్‌లో ప్రూన్, 1.2 వెర్షన్ నుంచి దాని తర్వాత కాంపాక్ట్ కూడా నడిపితేనే స్థలం వస్తుంది. యాన్సిబుల్ ఆ కమాండ్లను నడిపితే చాలు.

ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లదీ (ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే దాచేవి) అదే కథ. ఆదివారం ఫుల్ తీసేసి సోమవారం నుంచి శనివారం దాకా ఇంక్రిమెంటల్స్ ఉంచుకుంటే ఆ ఆరూ వృథా. గొలుసు మొత్తంగా ఉంచాలి, మొత్తంగా తీయాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడుతుంటే, దాని డేటా డైరెక్టరీలోని వాల్ ఫైళ్లను (మార్పుల చిట్టా) చేత్తోనూ ప్లేబుక్‌తోనూ తీయకండి, స్థలం ఎంత తక్కువున్నా సరే. సర్వర్ మళ్లీ లేవకపోవచ్చు.

"లేటెస్ట్" అని సిమ్‌లింక్ (ఇంకో ఫైలును చూపించే గుర్తు) పెట్టుకునే అలవాటుంటే, అది చూపించే ఫైలును జాబితాలోంచి తప్పించండి.

యాన్సిబుల్ స్వయంగా వదిలే బ్యాకప్‌లు వేరే ఉంటాయి. కాపీ, టెంప్లేట్ మాడ్యూళ్లలో బ్యాకప్‌కు "యెస్" అని పెడితే, మార్చే ముందు పాత కాన్ఫిగ్ ఫైలును అదే డైరెక్టరీలో తేదీ, సమయం, చివర టిల్డ (~) గుర్తుతో దాస్తుంది. వాటిని ఎప్పటికీ తనంతట తాను తీయదు. సైజు చిన్నదే, కానీ ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వాడే సైట్స్ ఎనేబుల్డ్ డైరెక్టరీ లాంటి చోట్ల, డైరెక్టరీలో ఉన్న ప్రతి ఫైలునూ చదివే సెట్టింగ్ ఉంటే ఆ పాత కాపీ కూడా కాన్ఫిగ్‌లో భాగమైపోతుంది. అలాంటివి టిల్డతో ముగిసే ప్యాటర్న్‌తో వెతికి, చివరి మూడు ఉంచి మిగతావి తీయొచ్చు.

30 రోజులు అని ఎవరు నిర్ణయించారు?

ఇది మీ మేనేజర్‌ను మర్యాదగా అడగండి. మీ డంప్‌లలో అకౌంట్స్ ఉంటే ఈ ప్రశ్న ఆడిటర్ దాకా వెళ్లాలి. కంపెనీల చట్టం, 2013 ప్రకారం కంపెనీలు లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ రికార్డులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. రోజువారీ డంప్‌లన్నీ అంతకాలం ఉంచమని దీని అర్థం కాదు, లైవ్ డేటాబేస్‌లో ఆ రికార్డులు ఉంటే అవే సరిపోవచ్చు. కానీ ఏడాది చివర పాత డేటా తీసేసి కొత్త ఏడాది మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో మార్చి 31 డంప్ ఒక్కటే ఆ ఏడాదికి ఆధారం. అదే ఫోల్డర్‌లో సిస్టమ్ లాగ్‌లు కూడా దాస్తుంటే, 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను 180 రోజులు ఉంచాలని ఉంది, 30 రోజుల నియమం వాటికి తగలకూడదు.

నేను చేసేది: రోజువారీవి 30 రోజులు, ప్రతి నెలాఖరు డంప్ ఏడాది, మార్చి 31 డంప్ ఆడిటర్ చెప్పినంతకాలం. నెలాఖరువీ మార్చివీ వేరే డైరెక్టరీలోకి వెళ్లిపోతాయి, క్లీనప్ ప్లేబుక్‌కు ఆ డైరెక్టరీ పేరు కూడా తెలియదు.

ఒక కాపీ మాత్రం యాన్సిబుల్ చేతికి అందని చోట ఉంచండి. మీ కంట్రోల్ మెషిన్‌లో (యాన్సిబుల్‌ను నడిపేది) ఉన్న ఒక్క ఎస్‌ఎస్‌హెచ్ కీతో (సర్వర్లలోకి వెళ్లనిచ్చే తాళంచెవి లాంటిది) 11 సర్వర్ల బ్యాకప్‌లు తీసేయగలిగితే, ఆ మెషిన్‌లోకి దూరినవాడూ అదే చేయగలడు. రాన్సమ్‌వేర్ వాళ్లు ముందు వెతికేది బ్యాకప్‌లనే. క్లౌడ్ స్టోరేజ్‌లో ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా తొలగించనివ్వని ఏర్పాటు) ఉన్న బకెట్ అయినా, వారానికోసారి తీసి బీరువాలో పెట్టే డిస్కు అయినా సరే. బకెట్లో పాతవి తీసే పని ప్లేబుక్‌కు ఇవ్వకండి, స్టోరేజ్ సొంత లైఫ్‌సైకిల్ నియమాలకే వదిలేయండి.

చివరిగా, క్రాన్‌లో పెట్టి మర్చిపోవచ్చా అని అడిగారు. మొదటి నెల వారానికోసారి మీరే చెక్ మోడ్‌లో నడిపి, జాబితా చదివి, అప్పుడు నిజంగా నడపండి. అసర్ట్‌లు ఒక్కసారైనా నిజంగా ఆపుతాయో లేదో కూడా చూడాలి: టెస్ట్ సర్వర్‌లో ఒక 20 బైట్ల డంప్ పెట్టి నడపండి, ఆగకపోతే ఇంకా పని ఉన్నట్టే. క్రాన్‌లోకి వెళ్లాక, ఆగినప్పుడే కాకుండా సక్రమంగా నడిచినప్పుడు కూడా మీకు మెసేజ్ వచ్చేలా చేయండి. అందులో ఎన్ని తీసింది, ఎన్ని మిగిలాయి, తాజా డంప్ సైజు ఎంత అన్నది ఉండాలి. మెసేజ్ రాని రోజు ఏదో ఆగిందని మీకు తెలుస్తుంది. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రొడక్షన్ డేటాబేస్ పొరపాటున తొలగిపోయినప్పుడు, డంప్‌లు అంతకుముందే ఫెయిలవుతున్నాయని తేలింది. ఆ ఫెయిల్యూర్ మెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది, ఎవరికీ అందలేదు.

ముందు ఒక్క సర్వర్ మీద చెక్ మోడ్‌లో నడిపి చూడండి. సర్వర్ పేర్లు, పాత్‌లు మార్చేసి ఆ ఔట్‌పుట్ పెడితే చూసి చెప్తాను. డంప్ తీసే స్క్రిప్టు కూడా పెట్టండి, పాస్‌వర్డ్ తీసేసి.